నేను గీసిన తుఫాను బోర్డు

వార్షికోత్సవ సంచికకు ఏదన్నా రాసి పంపమని మన హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ఎంతో సంతోషం కలిగింది. “అన్నా, కథలూ కవితలూ చాలానే వచ్చాయి. నువ్వు చదివే కోర్సు గురించి రాయి, అదేందో మాకెవరికీ తెలీదు” అన్నారు. నిజమే. మన హాస్టల్లో ఉండి చదువుకుని టీచర్లయినవాళ్లు, పోలీసు శాఖలో చేరినవాళ్లు, ఐటీఐ చేసి కృష్ణపట్నం వైపు పనుల్లో కుదిరినవాళ్లు ఉన్నారు. గ్రాఫిక్ డిజైన్ అని వెళ్లినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాణ్ణి కూడా నేనే. బి.ఎఫ్.ఏ. నాలుగేళ్లు అప్లయిడ్ ఆర్ట్ చదివాను. ఇప్పుడు హైదరాబాదులో ఎం.ఎఫ్.ఏ. రెండో సంవత్సరంలో ఉన్నాను. వయసు ఇరవై మూడు.

మా ఊళ్లో దీనికి ‘ఫ్లెక్సీల చదువు’ అని పేరు. “మీవాడు ఫ్లెక్సీలు కొట్టేదానికి ఆరేళ్లు చదవాల్నా?” అని మా అమ్మను అడుగుతారు. “వాడికి తెలుసులే” అని అమ్మ నాట్లకు వెళ్లిపోతుంది. ఆమెకు చదువు రాదు. కాబట్టి ఆ అడిగినవాళ్లకు జవాబు నేనే ఇక్కడ రాస్తున్నాను. మన హాస్టల్ సంచిక మా ఊరికి ఎలాగూ చేరుతుంది.

మా కోర్సులో పరీక్షల కంటే ప్రాజెక్టులు ఎక్కువ. ప్రతి సెమిస్టరుకూ ఒక పని ఇస్తారు. ఎవరికోసం చేయాలి, ఏం చెప్పాలి, ఎంత ఖర్చులో చేయాలి అని ఒక కాగితం మీద రాసి ఇస్తారు. దాన్ని బ్రీఫ్ అంటారు. నెలో రెండు నెలలో పని చేసి గోడకు అంటించి నిలబడితే, మాస్టార్లూ బయటి నుంచి వచ్చిన పరీక్షకులూ వరసగా ప్రశ్నలు వేస్తారు. దాన్ని జ్యూరీ అంటారు. మొదటి జ్యూరీలో నాకు కాళ్లు వణికాయి. మన వార్డెన్ సార్ రాత్రి పూట హాజరు తీసుకునేటప్పుడు కూడా అంత భయపడలేదు!

అక్షరాల మీద ఇష్టం మాత్రం అక్కడ పుట్టింది కాదు, మన హాస్టల్లోనే పుట్టింది. ట్రంకు పెట్టెల మీద తెల్ల ఎనామిల్ పెయింటుతో పేరూ తరగతీ రాసుకునేవాళ్లం గదా. గది నిండా ఒకే రకం పెట్టెలు. కరెంటు పోతే ఎవడి పెట్టె వాడికి దొరకాలి. మూత మీద పేరు రాస్తే, పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు కనపడదు. అందుకని సీనియర్లు ముందు వైపు, తాళం పక్కన రాయించుకునేవాళ్లు. ఏటా ఆరుని ఏడు, ఏడుని ఎనిమిది చేసుకోవాలి కాబట్టి అంకెను పేరుకు అంటుకోకుండా దూరంగా రాసేవాళ్లు. ఎక్కడ రాయాలి, ఎంత లావు రాయాలి, ఏది మారుతుంది, ఏది మారదు - మొదటి సంవత్సరంలో మాకు క్లాసులో చెప్పినవి దాదాపు ఇవే. కాకపోతే ఇంగ్లీషు పేర్లతో చెప్పారు.

ఆ ఇంగ్లీషుతోనే ఇంకో చిక్కు. మేము చదివే పుస్తకాల్లో అక్షరాల కొలతలన్నీ ఇంగ్లీషు అక్షరానికి కట్టినవి. ఇంగ్లీషు అక్షరం ఒక గీత మీద నడుస్తుంది. కొన్నిటికి కొమ్ములు, కొన్నిటికి తోకలు, అంతే. మన అక్షరం మూడంతస్తుల మిద్దె. పైన తలకట్టో గుడో, నడుమ అక్షరం, కింద ఒత్తు. ‘లక్ష్మి’ అని రాసి చూడండి, ఒక్క అక్షరం కింద రెండు ఒత్తులు పడతాయి. ఇంగ్లీషు లెక్కన వరసల మధ్య చోటు వదిలితే పై వరస ఒత్తులు దిగి కింద వరస గుడులను గుద్దుకుంటాయి. బస్టాండ్లలో, ఆఫీసుల్లో తెలుగు బోర్డులు ఇరుకిరుగ్గా ఉండటానికి ఇదొక కారణం. తెలుగును ఇంగ్లీషు కోసం కట్టిన గదిలోకి తోస్తున్నారు.

తమ్ముళ్లకు పనికొచ్చే మాట ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. లాప్‌టాప్ లేదనీ సాఫ్ట్‌వేర్ కొనలేమనీ ఈ వైపు రావడం మానుకోవద్దు. నాకు మూడో సంవత్సరం దాకా సొంత లాప్‌టాప్ లేదు, ల్యాబు మూసేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి. ఇంక్‌స్కేప్, జింప్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం. తెలుగు అక్షరాలు కూడా ఉచితంగా ఉన్నాయి. సిలికానాంధ్ర వాళ్లు తెచ్చిన మండలి, రామభద్ర, గురజాడ, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఈ సంచికను కూడా వాటిలో ఒకదానితో వేసుకోవచ్చు. శీర్షికలకు రామభద్ర వాడండి, లావుగా నిండుగా ఉంటుంది. లోపలి మేటరుకు మాత్రం వద్దు, కళ్లు లాగుతాయి.

రెండో సంవత్సరంలో ప్యాకింగ్ ప్రాజెక్టు ఇస్తే, మైపాడు వైపు ఎండు చేపలమ్మే ఆడవాళ్ల కోసం చేశాను. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. వాళ్లు తూకానికి అమ్మరు, కుప్పలు పోసి అమ్ముతారు. కుప్ప చూసి బేరం ఆడటమే ఆ వ్యాపారం. మూసి ఉంచే ప్యాకెట్ దానికి పనికిరాదు. కొన్నాక ఇంటికి తీసుకుపోయేటప్పుడు బస్సులో వాసన రాకుండా ఒక మడత సంచి చేసిచ్చాను. మార్కులు బాగానే వచ్చాయి.

అసలు చెప్పాలనుకున్నది ఎం.ఎఫ్.ఏ.లో చేసిన ప్రాజెక్టు గురించి. ‘మీ ప్రాంతంలో జనానికి చేరాల్సిన ఒక సమాచారం తీసుకుని, అది చేరేలా చేయండి’ అని బ్రీఫ్. మా క్లాసులో కొందరు మెట్రో రైలు తీసుకున్నారు, కొందరు ఆసుపత్రుల్లో దారి చూపించే బోర్డులు తీసుకున్నారు. నేను తుఫాను హెచ్చరిక తీసుకున్నాను.

మీరు కూడా చిన్నప్పటి నుంచి వింటున్నదే. ‘కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని రేడియోలో, టీవీలో చెప్తారు. స్కూలుకు సెలవిస్తారా అని మనం చూసేవాళ్లం. మూడు కంటే ఐదు ఎక్కువ, ఐదు కంటే ఆరు ఎక్కువ అనుకునేవాళ్లం. మా ఊళ్లో ఇప్పటికీ అందరూ అలాగే అనుకుంటారు. చదివితే సంగతి వేరే ఉంది.

ఆ నంబర్లు మొత్తం పదకొండు. అవి పుట్టింది మనకోసం కాదు, ఓడల కోసం. రేవులో ఎత్తయిన స్తంభానికి పగలైతే శంకువులూ పీపాల ఆకారాలూ, రాత్రయితే ఎర్ర తెల్ల దీపాలూ కట్టి ఓడలకు చూపిస్తారు. ఒకటీ రెండూ దూర సముద్రం సంగతి చెప్తాయి. మూడూ నాలుగూ రేవుకే వాతావరణం చెడేలా ఉందని చెప్తాయి. ఐదు, ఆరు, ఏడు ప్రమాద సూచికలు. అయితే ఐదుకూ ఆరుకూ తేడా తుఫాను బలంలో లేదు. తుఫాను తన దారిలో రేవును ఎడమ వైపు వదిలి పోతుందంటే ఐదు. కుడి వైపు వదిలి పోతుందంటే ఆరు. రేవు మీదుగానో బాగా దగ్గరగానో పోతుందంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరస, తీవ్ర తుఫానుకు. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఇది తెలిసిన రోజు నేను లైబ్రరీలో చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. మన తీరం మీద ఇంతమంది ఇన్నేళ్లుగా వింటున్న నంబర్లలో ‘ఎడమ, కుడి’ దాగి ఉన్నాయని ఎవరూ మాకు చెప్పలేదు.

ఎడమా కుడీ ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి పడమరకు వచ్చే తుఫానుకు కుడి చెయ్యి ఉత్తరం, ఎడమ చెయ్యి దక్షిణం. ఉత్తరం వైపు ఉన్న ఊళ్లకు గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, నీళ్లను తోసుకొస్తుంది. దక్షిణం వైపు ఉన్నవాటికి గాలి నేల నుంచి సముద్రానికి వీస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో తుఫాను చీరాల దగ్గర తీరం దాటితే దివిసీమ దాని కుడి చేతి వైపు పడింది. అక్కడ ఏం జరిగిందో అందరికీ తెలుసు.

మా అవ్వ 1989 నవంబరు తుఫాను గురించి చెప్తుంటుంది. అది థాయిలాండు పక్క సముద్రంలో పుట్టి, మధ్యలో ఉన్న సన్నటి నేలను దాటి, మన బంగాళాఖాతంలోకి వచ్చి బలపడి కావలి దగ్గర తీరం దాటింది. “ఆ రేత్రి మన కాడికి సముద్రం రాలా. గాలొచ్చింది. తాటిచెట్లు మెడలు తిరిగిపొయ్యాయి” అంటుంది అవ్వ. సముద్రం ఎందుకు రాలేదో ఆమెకు తెలియదు, దేవుడు ఆపాడంటుంది. కావలి మాకు ఉత్తరాన ఉంది. అంటే మా ఊరు ఆ తుఫానుకు ఎడమ చేతి వైపు పడింది. బొమ్మ గీసి చూపిస్తే అవ్వ చాలాసేపు చూసి, “దేవుడే ఎడమ పక్కన పెట్టినాడు” అంది. నేనింక వాదించలేదు.

ఇప్పుడు నంబర్లతో పాటు రంగులు కూడా ఉన్నాయి. వాతావరణ శాఖ తుఫాను ముప్పుకు కనీసం 48 గంటల ముందు పసుపు, 24 గంటల ముందు నారింజ, ఆ తర్వాత ఎరుపు రంగులతో హెచ్చరికలిస్తుంది. ఫోన్లకు మెసేజీలు వస్తాయి. మా నాయనకు కూడా వస్తాయి. ఆయన చదవలేడు కాబట్టి అవి అట్లాగే ఉండిపోతాయి, నేను సెలవులకు వెళ్లినప్పుడు చెరిపేస్తాను.

గీత ఒక్కటీ గీయకముందే నెల రోజులు ఊళ్లో తిరిగి అడిగాను, తుఫాను అనగానే మీకు ముందు ఏం తెలియాలని. ‘గంటకు ఎన్ని కిలోమీటర్ల గాలి’ అని ఒక్కరూ అడగలేదు. పడవల వాళ్లు “బోటు ఎంత పైకి లాగాల? ఎప్పుటికి లాగాల?” అన్నారు. ఆడవాళ్లు “పోవాల్నా, ఉండాల్నా?” అన్నారు. మేకలున్న ముసలాయన పలుపులు ఎప్పుడు విప్పాలో చెప్తే చాలన్నాడు. ఈ మూడు ప్రశ్నలే బోర్డు అయ్యాయి.

నాలుగడుగుల వెడల్పు ఇనుప రేకు బోర్డు, మధ్యలో కొక్కెం. దానికి తగిలించడానికి మూడు చిన్న రేకులు. పసుపు రేకు గుండ్రంగా ఉంటుంది, దాని మీద ఒడ్డుకు లాగిన పడవ. నారింజ రేకు చదరం, పలుపు విప్పిన మేక, పక్కన మూట. ఎర్ర రేకు మూడు మూలలది, తుఫాను షెల్టర్ మెట్లెక్కుతున్న మనుషులు. రంగుతో పాటు ఆకారం కూడా ఎందుకంటే, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్లు కొందరికి ఉంటాయి. పైగా వానలో టార్చిలైటు వేస్తే రంగు కంటే అంచు ముందు కనపడుతుంది. రేవులో ఓడలకు శంకువులు కట్టినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు, నేను వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. నీళ్లు తోసుకొచ్చే ముప్పుంటే ఎర్ర రేకు కింద అల బొమ్మ ఉన్న ఇంకో పట్టీ తగిలిస్తారు. ‘నీళ్లు రావు’ అని చెప్పే రేకు మాత్రం చేయలేదు. అట్లాంటి మాట బోర్డు మీద పెట్టకూడదు.

మూట మోసేది మొదట మగమనిషి. అమ్మ చూసి, “మగోళ్లు మూటలు యాడ మోస్తారబ్బాయా? ఆడమనిషిని వెయ్యి” అంది. వేశాను. మా జ్యూరీలో ఎవరికీ తట్టని మాట అది.

నాయన సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆయన రొయ్యల గుంటల కాడ కాపలా ఉంటాడు. రాత్రిళ్లు గట్టు మీద షెడ్డులోనే పడక. మన వైపు గుంటల్లో ఏరియేటర్లు ఎట్లా తిరుగుతాయో మీకు తెలిసిందే. అవి ఆగితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి రొయ్య తేలిపోతుంది. తుఫాను వస్తే కరెంటు పోతుంది. అప్పుడు జనరేటరు వేయాలి, డీజిలు పోయాలి, గట్లు తెగకుండా చూడాలి. అంటే ఊరంతా లోపలికి పోవాల్సిన రాత్రే కాపలా మనిషి బయట ఉండాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మా తీరం వెంటే పైకి పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర నేలకెక్కింది. ఆ వానలో నాయన రెండు రాత్రులు గట్టు మీదే ఉన్నాడు. నేను హైదరాబాదు నుంచి ఫోన్ చేస్తే కలవలేదు. మూడో రోజు పొద్దున పక్కింటి వాళ్ల ఫోన్ నుంచి అమ్మ మాట్లాడింది. “వచ్చినాడు, జొరం, పడుకోనుండాడు” అని పెట్టేసింది. నేను తుఫానును ప్రాజెక్టుగా తీసుకోవడానికి కారణం అదే. జ్యూరీలో మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

బోర్డు నమూనా పూర్తయ్యాక గుంట కాడికి తీసుకుపోయి నాయనకు చూపించాను. మూడు రేకులూ ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. ఒక్క మాట నేను చెప్పకుండానే అన్నీ సరిగ్గా చెప్పాడు. తర్వాత ఎర్ర రేకు నా చేతికిచ్చి, “బాగుంది. నాకు అర్థమైంది. అయితే పొమ్మనాల్సింది నేను కాదు గదా నాయనా, గుంటాయన గదా” అన్నాడు.

మా క్లాసులో ప్రతి ప్రాజెక్టుకూ మొదటి పేజీలో ‘ఎవరికోసం’ అని ఒక గడి ఉంటుంది. తీరం వెంట ఉండేవాళ్ల కోసం అని అందులో రాశాను. అది నిజమే. కానీ హెచ్చరిక అర్థమైనవాడికి కదిలే హక్కు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు, ఆ ఇంకొకరు కూడా ఆ గడిలో ఉండాలి. ఆయన చదువుకున్నవాడు. నెల్లూరులో ఉంటాడు. ఆయనకు మేక బొమ్మ అక్కర్లేదు, అక్షరం కావాలి. అందుకని షెడ్డులకు వేరే రేకు గీశాను. బొమ్మలు లేవు. ఎర్ర రంగు మీద తెల్లటి లావు అక్షరాలు, గట్టు మీదికి కారులో వచ్చినా కనపడేటంత. ‘ఎర్ర రేకు పడితే కాపలా మనిషి గుంట మీద ఉండకూడదు’ అని రాశాను.

నాయన చదివించుకుని తల అడ్డంగా ఊపాడు. “ఇది నా షెడ్డు మీద ఉంటే నేను రాయించినట్టు ఉంటది. నీ కొడుకు చదువుకున్నాడని నాకు చెప్తున్నావా అంటాడు. ఊరు చెప్పినట్టు రాయి” అన్నాడు. రాత్రి పెద్దమనుషుల దగ్గరికి ఆయనే వెంట తీసుకుపోయాడు. వాళ్లు గంటసేపు మాట్లాడుకుని ఒప్పుకున్నారు. రేకు అడుగున ‘ఇది మా ఊరి కట్టుబాటు’ అని ఒక వరస చేరింది. ఆ వరస కోసం పై అక్షరాల సైజు కొంచెం తగ్గించాల్సి వచ్చింది. తగ్గించాను.

జ్యూరీలో బయటి నుంచి వచ్చిన ఒకాయన, “ఇది సంఘసేవ లాగుంది, ఇందులో డిజైన్ ఎక్కడుంది? మొబైల్ యాప్ చేసి ఉండొచ్చు గదా” అన్నారు. తుఫాను రాత్రి టవర్లు పనిచేయవండీ అన్నాను. అడుగు వరసను చూపించి, ఒక హెచ్చరికను ఎవరి పేరుతో చెప్తున్నామో తేల్చడం కూడా డిజైనే అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టు కనపడలేదు. మా మేడమ్ మాత్రం ఆ రేకును చాలాసేపు చూశారు.

ఇప్పటికి సంగతి ఇదీ. మా దగ్గర నలుగురు గుంటల యజమానుల్ని కలిశాము. ఇద్దరు సరేనన్నారు. ఒకాయన చూద్దాంలే అన్నాడు. నాలుగో ఆయన, అంటే మా నాయన పనిచేసే గుంటాయన, రేకు పెట్టుకుంటాను గానీ ఆ రాత్రి జనరేటరు ఎవరు వేస్తారని అడిగాడు. మంచి ప్రశ్నే. ఏరియేటర్లు కరెంటు పోగానే వాటంతటవే జనరేటరుకు మారే స్విచ్ ఉంటుందని ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన మన హాస్టల్ సీనియర్ అన్న ఒకరు చెప్పారు. డీజిలు ముందే నింపి పెట్టుకుంటే ఆ రాత్రికి మనిషి అక్కర్లేదట. ఆ లెక్క కాగితం మీద వేసి ఇస్తానన్నారు. సంక్రాంతికి ఇద్దరం కలిసి ఆయన దగ్గరికి వెళ్తున్నాం.

బోర్డులు రాసేది మా పక్క ఊరి ఆర్టిస్టు మామ. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు పడవల మీద పేర్లు, నంబర్లు రాసే పని తప్ప ఇంకేం మిగల్లేదు. కూలి వద్దన్నాడు, పెయింటు మాత్రం తెచ్చివ్వమన్నాడు. మన హాస్టల్లో చదివి తీరం ఊళ్లలో ఉంటున్న అన్నలు, తమ్ముళ్లు ఎవరైనా తమ ఊరికి ఈ బోర్డు కావాలంటే కొలతలూ బొమ్మలూ ఉచితంగా పంపిస్తాను. ఇనుప రేకు, పసుపు, నారింజ, ఎరుపు, తెలుపు ఎనామిల్ డబ్బాలు మీరు చూసుకోండి. ఎరుపు కొంచెం ఎక్కువ తీసుకోండి, రెండు పూతలు వేయాలి.